ఐదుసార్లు కడిగే కూర్మమ్మ

నాకు నోరెక్కువని రాజాంలో మా వీధి వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోనివ్వండి. మా నాన్న నరసింగరావు ధాన్యం కొట్టు గుమ్మంలో పెరిగినదాన్ని నేను. కాటా దగ్గర కొట్లో మనిషి వేలు పెట్టి నొక్కితే, రైతు కన్నా ముందు నేనే అరిచేదాన్ని. అలాంటి నోరు కావలసిన రోజున, కావలసిన గదిలో, కావలసిన మనిషి ముందు పెగల్లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఇది కూర్మమ్మ కథే గానీ, ఇందులో ఉన్న కోపంలో సగం నా మీదే.

గరివిడి శివార్లలో, ఫ్యాక్టరీ సైరన్ వినబడేంత దూరంలో, ఒక పాత గోడౌనును బాగుచేసి పెట్టిన చిన్న కంపెనీ మాది. పేరు చెప్పను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యాక నాలుగేళ్లు అక్కడ పనిచేశాను. మేం చేసేదేమిటంటే, యాంటీబాడీలకు డీఎన్ఏ పోగులు అతికించడం.

వినడానికి పెద్దగా ఉంటుంది గానీ సంగతి తేలికే. యాంటీబాడీ అంటే ఒంట్లో ఉన్న వేల పదార్థాల్లో ఒకే ఒక్కదాన్ని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీను. పట్టుకుంది సరే, పట్టుకున్నట్టు మనకెలా తెలియాలి? దానికి ముందే ఒక చిన్న డీఎన్ఏ పోగు తగిలించి ఉంచుతాం. ఆ పోగును మిషన్లో పెట్టి కోట్ల రెట్లు పెంచొచ్చు. అందువల్ల రోగం గుర్తు రవ్వంత ఉన్నా బయటపడిపోతుంది. ఆ పోగును మా ల్యాబుల్లో ఆలిగో అంటారు. మా సరుకు పూణేలో ఒక కంపెనీకి వెళ్లేది. వాళ్లు దాంతో కిడ్నీ పాడవక ముందే కనిపెట్టే కిట్లు తయారు చేసేవాళ్లు.

అతికించే దారులు చాలా ఉన్నాయి. యాంటీబాడీలో గంధకం వంతెనలుంటాయి, వాటిని కొన్ని విరగ్గొట్టి ఆ కొసలకు తగిలించేవాళ్లున్నారు. దాని మీదుండే చక్కెర కొమ్మలకు తగిలించేవాళ్లున్నారు. మాది ఇంకో దారి. యాంటీబాడీ మీద అక్కడక్కడా లైసిన్లనే ముక్కలుంటాయి. ముందు వాటికి కొక్కెం లాంటి ఒక రసాయనం తగిలిస్తాం. డీఎన్ఏ పోగు చివర అజైడ్ అనే ముక్క ఉంటుంది. ఆ కొక్కేనికీ అజైడ్‌కీ ఒకదాన్ని చూస్తే ఒకదానికి ప్రాణం. రెంటినీ ఒక గొట్టంలో కలిపి వదిలేస్తే వాటంతటవే పట్టేసుకుంటాయి, ఇక విడిపోవు.

ఇందులో ఒక్కటే తంటా. మేం కొనే యాంటీబాడీ పాడవకుండా అమ్మేవాళ్లు సోడియం అజైడ్ కలిపి పంపుతారు, ఊరగాయలో ఉప్పేసినట్టు. ఆ నిలవ మందు కూడా అజైడే కదా! అది అలాగే ఉండిపోతే మన పోగు కన్నా ముందు వెళ్లి కొక్కేలన్నీ పట్టేసుకుంటుంది. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్లు వేసి సీట్లు ఆపేసేవాళ్లను చూడలేదూ? అదే వరస. అసలు ప్రయాణికుడికి నిలబడ్డానికి కూడా చోటుండదు. అందుకని ముందు ఆ మందును కడిగెయ్యాలి. సన్న జల్లెడ ఉన్న గొట్టంలో యాంటీబాడీని పోసి సెంట్రిఫ్యూజ్ అనే మిషన్లో గిర్రున తిప్పితే మందు నీళ్లతో పాటు కిందికి దిగిపోతుంది, యాంటీబాడీ జల్లెడ పైన నిలుస్తుంది. మళ్లీ శుభ్రమైన నీళ్లు పోయాలి, మళ్లీ తిప్పాలి. అలా ఐదుసార్లు.

ఆ కడిగే మనిషి కూర్మమ్మ.

కోటబొమ్మాళి దగ్గర ఊళ్లో వరి పండించుకునే కుటుంబంలో పుట్టింది. పదో తరగతి లెక్కల్లో తప్పింది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే గంగులును పెళ్లాడి గరివిడి వచ్చింది. పదకొండేళ్ల కిందట మా కంపెనీలో గాజుసామాను తోమడానికి చేరింది. అప్పటి కెమిస్టు ఎవరో చేతి నొప్పితో సెలవు పెడితే, కడిగే పనే కదా అని ఆమెకు అప్పగించారు. అంతే, ఆ పని మళ్లీ ఎవరి చేతికీ పోలేదు. ఎందుకంటే అది నిజంగా చేతి పని. జల్లెడ మీద కాస్త తడి మిగిలి ఉండగానే మిషన్ ఆపాలి. పూర్తిగా పీల్చేస్తే యాంటీబాడీ జల్లెడకు అంటుకుని చస్తుంది. చుక్కలు కొలిచి పోసే పిపెట్ మొన తగిలిందా, జల్లెడ చిరుగుతుంది. కూర్మమ్మ చేతిలో పదకొండేళ్లలో చిరిగిన జల్లెడలు రెండంటే రెండు. నేను చేరిన మొదటి నెలలోనే ఆ పని నేర్చుకోబోయి ఆరు చింపాను, ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

ఆమె కడుగులు లెక్కపెట్టేది పైకే. పొలంలో కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. కూర్మమ్మకు అదే అలవాటు. "లాభం... రెండు... మూడు..." అంటూ ఏసీ గదిలో తెల్లకోటు వేసుకుని కొలిచేది. మా కొట్టులో పుట్టి పెరిగిన చెవులు కదా నావి, మొదటిరోజు వినగానే నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండలేకపోయాను.

"ఏటి పాపా నవ్వతన్నావు? ఒకటీ అని మొదలెడితే ఒకటి దగ్గరే ఆగిపోతాది. లాభం అంటే పని ముందుకెల్తాది" అంది.

ఇంకోరోజు అడిగింది, "ఇది ఏ రోగానికి పాపా?"

"కిడ్నీలకి అప్పా. పాడైపోక ముందే తెలుస్తుంది." మా వైపు అక్కను అప్పా అంటాం.

ఆమె చేయి ఆగిపోయింది. ఉద్దానంలో ఆమె పెద్దమ్మ, పెద్దమ్మ కొడుకు ఇద్దరూ కిడ్నీలు పోయే చనిపోయారట. "ముందే తెలిస్తే బతికుందురు" అంది. గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకుని, "అయితే ఇంకోపాలి కడిగీనా?" అని అడిగింది. అక్కర్లేదు, ఐదు చాలని చెప్పాను.

ఇంత చేసినా ఆమె పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. ప్రతి బ్యాచికీ ఒక షీటు ఉంటుంది. అందులో 'చేసినవారు' అని ఒక గడి. అక్కడ సంతకం పెట్టేది ఎమ్మెస్సీ వాళ్లం. అంటే నేను. చేసేది కూర్మమ్మ, చేసినట్టు రాసుకునేది ఈ సింధు. రెండేళ్ల కిందట మోహనకృష్ణ గారని కొత్త మేనేజరు వచ్చాక, కూర్మమ్మ ఒకరోజు సిగ్గుపడుతూనే ఆయన్ని అడిగింది. "బాబూ, కడిగింది నాను గదా, ఆ గడిలో నానెట్టొచ్చా సంతకం?"

ఆయన కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండానే, "నీ సంతకం చెల్లదమ్మా. డిగ్రీ ఉండాలి" అన్నాడు.

మోహనకృష్ణ గారు పీహెచ్‌డీ. మనిషి చెడ్డవాడు కాదు, హడావిడి ఎక్కువ అంతే అనేవాళ్లున్నారు. నేను వాళ్లలో లేను.

మొన్న మే నెలలో, పూణే వాళ్లకు పెద్ద బ్యాచి పంపాలి. కూర్మమ్మ మొదటి కడుగు అయ్యాక "లాభం" అని గొట్టం బయటికి తీసింది. ఈయన వెనకాల నిలబడి ఉన్నాడు.

"ఇంకెన్నిసార్లు?"

"ఇంకా నాలుగు బాబూ."

"ప్రతిసారీ కొంత యాంటీబాడీ జల్లెడకి పోతోంది. దాని ఖరీదెంతో తెలుసా? ఒక్కసారి చాలు. ఇచ్చెయ్."

"ఒకపాలికి మందు పోదు బాబూ. బియ్యం కూడా ఒకపాలి కడిగి ఎసట్లో ఎయ్యము."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకిప్పటికీ ఒళ్లు మండిస్తుంది. "కెమిస్ట్రీ నువ్వు చెప్తావా నాకు?" అన్నాడు. కూర్మమ్మ నా వైపు చూసింది. నేను పిపెట్ల డబ్బా సర్దుతున్నాను. సర్దవలసిన అవసరం ఏమీ లేదు, అయినా సర్దుతున్నాను. ఆమె గొట్టం ఆయన చేతిలో పెట్టేసింది.

రెండోరోజు ఆ సరుకును నేనే జెల్ మీద నడిపించి చూశాను. పోగు అతుక్కుంటే యాంటీబాడీ బరువెక్కుతుంది, జెల్ మీద గీత పైన ఎక్కడో ఆగుతుంది. అతుక్కోకపోతే కిందికి దిగిపోతుంది. దిగిపోయింది. గుడ్డివాడికైనా కనిపించేంత స్పష్టంగా దిగిపోయింది. తీసుకెళ్లి మోహనకృష్ణ గారికి చూపించాను.

"అజైడ్ మిగిలిపోయింది సర్."

"జెల్‌లో శాంపిల్ ఎక్కువ పోశావు, అందుకే అలా కనబడుతోంది. నాలుగింటికి కొరియర్ వస్తాడు. సంతకం పెట్టు."

షీటు మీద అచ్చులో ఉంది, 'ఐదుసార్లు కడగబడినది' అని. దాని పక్కన 'చేసినవారు'. పెట్టాను సంతకం. నన్ను ఎవరూ మెడ మీద కత్తి పెట్టి అడగలేదు. పెన్ను మూత తీశాను, పెట్టాను, మూత పెట్టాను.

జూన్ నెలాఖరుకు పూణే నుంచి నిప్పులు కురిశాయి. ఒక్క కిట్టు కూడా పనిచేయలేదు. రోగం ఉన్నవాళ్ల శాంపిళ్లలో కూడా ఏమీ లేదని చూపిస్తోంది. ఇంకా నయం, వాళ్లు ముందుగా పాత శాంపిళ్ల మీద వేసి చూసుకున్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎంతమంది రోగులను నీకేం లేదు పొమ్మని ఇంటికి పంపేసేవాళ్లో! తప్పు ఎక్కడ జరిగింది, ఎవరు చేశారు, కాగితం మీద చెప్పండి అన్నారు.

మరునాడు మోహనకృష్ణ గారు కూర్మమ్మను తన గదికి పిలిచారు. సాక్షిగా నన్ను కూడా. పిల్లికి ఎలుక సాక్ష్యం. బల్ల మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ఒకటుంది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"ఏటి రాసినారు బాబూ ఇందల?"

"ఏం లేదు, ఆఫీసు పని."

కూర్మమ్మ ఆ కాగితం తీసి నా చేతికిచ్చింది. "సిందు పాపా, తెలుగులో సదువు."

చదివాను. "కూర్మమ్మ అను నేను, నాకు చెప్పిన ఐదు కడుగులు చేయకుండా నిర్లక్ష్యంగా ఒక్కసారి మాత్రమే కడిగాను. ఈ తప్పు పూర్తిగా నాదే. పై అధికారులకు తెలియకుండా జరిగింది."

అప్పుడు నేను అరవాల్సింది. సర్, ఆపింది మీరు, జెల్ చూపించింది నేను, సంతకం పెట్టింది నేను అని అనాల్సింది. కాటా దగ్గర గొడవ పడే నా నోరు ఏ గంగలో కలిసిందో! కాగితం మడత పెట్టి బల్ల మీద పెట్టాను, అంతే.

కూర్మమ్మ మాత్రం నెమ్మదిగా అంది. "బాబూ, ఆ పొద్దు నానడిగితే నా సంతకం సెల్లదన్నారు గదా. సెల్లని సంతకం ఈ కాయితం మీద ఎలగ సెల్లతాది?"

ఆయన ముఖం కందగడ్డలా అయిపోయింది. "ఎక్కువ మాట్లాడకు. పెడతావా, పెట్టవా?"

"ఎట్టను. సెయ్యని తప్పుకి నానెందుకెడతాను?"

"అయితే రేపట్నుంచి రాకు."

కూర్మమ్మ తెల్లకోటు విప్పి, మడిచి, కుర్చీ మీద పెట్టింది. సోడంబలి తెచ్చుకునే క్యారేజీ తీసుకుని వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. చూసుంటే కాస్త నయంగా ఉండేదేమో.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. సంతకం లేకపోతే మాత్రం ఏం? పూణే వాళ్లకు మోహనకృష్ణ గారు నివేదిక పంపేశాడు. 'శిక్షణ లేని హెల్పరు నిర్లక్ష్యం వల్ల జరిగింది, ఆ మనిషిని తొలగించాం.' పేరుతో సహా. పదకొండేళ్లుగా ఏ కాగితం మీదికీ ఎక్కని పేరు, తప్పు మోయడానికి మాత్రం ఎక్కింది! గరివిడి ఎంత ఊరని? మందు పాడుచేసిందట, అందుకని తీసేశారట అని వారంలో ఊరంతా పాకింది. పని మాటెత్తితే, నీ మీద ఏదో కేసుందట కదా అని నర్సింగ్ హోమ్ వాళ్లు వద్దన్నారు. గంగులుతో ఫ్యాక్టరీలో తోటివాళ్లు, మీ ఆవిడ రోగుల ప్రాణాలతో ఆడుకుందటగా అన్నారట. ఆమెకు పోయింది ఉద్యోగం ఒక్కటే అయితే ఇంకో పని చూసుకునేది. పేరు పోయింది. అది ఎక్కడని వెతుక్కుంటుంది?

ఇంటికెళ్లి నాన్నతో చెప్పాను. ఆయన దుకాణం తాళాలు మేకుకు తగిలిస్తూ, "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఆ మనిషే ఊరుకుంది గదా" అన్నాడు.

"ఊరుకోలేదు నాన్నా, తరిమేశారు" అని అరిచాను. ఇంట్లో నోరు బాగానే లేస్తుంది నాకు.

ఇంతలో పూణే వాళ్లు మళ్లీ సరుకు పంపమన్నారు. మోహనకృష్ణ గారు ఈసారి ఐదుసార్లూ కడిగించాడు, నాచేత. నేను జల్లెడ చింపాను. తానే కడుగుతానని కూర్చున్నాడు. మూడో కడుగులో ఫోన్ వస్తే మాట్లాడుతూ మిషన్ ఆపడం మరిచిపోయాడు, యాంటీబాడీ మొత్తం ఎండి జల్లెడకు అట్టకట్టింది. రెండు బ్యాచీలు అలా తగలేశాక, గొంతు తగ్గించి నాతో అన్నాడు, "ఆ కూర్మమ్మ ఎక్కడుందో చూసి తీసుకురా. రోజుకూలీ మీద రమ్మను. పాత సంగతులేవీ ఎత్తొద్దని చెప్పు."

అప్పుడు ఆమె కోటబొమ్మాళి దగ్గర తమ్ముడు చినబాబు పొలంలో ఉంది. ఉభాల రోజులు, అంటే వరినాట్ల కాలం. ఉదయం పాసింజరు ఎక్కాను. దారి పొడవునా మనసులో మోహనకృష్ణను తిడుతూనే ఉన్నాను. కూర్మమ్మ దగ్గర ఏమేం అనాలో, ఆయన్ని ఎలా దులిపెయ్యాలో వరుసగా పేర్చుకున్నాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, నేను ఓదారుస్తాను. అంతవరకూ ఊహించేసుకున్నాను. సిగ్గులేనిదాన్ని.

పొలంలో పదిమంది ఆడవాళ్లు వరస కట్టి నాట్లు వేస్తున్నారు. కూర్మమ్మ నన్ను చూసి చేతులు కడుక్కుని గట్టెక్కింది. "ఓలమ్మ, సిందు పాప! ఇంత ఎండలో వచ్చినావేటి? తిన్నావా?"

తిన్నానని అబద్ధమాడి, వచ్చిన పని చెప్పాను. ఆపైన మొదలుపెట్టాను. వాడో మనిషా, వాడి చదువు తగలెయ్య, నీలాంటిదాని ఉసురు ఊరికే పోదు అప్పా, అని ఐదు నిమిషాలు ఆపకుండా. కూర్మమ్మ గడ్డిపరకతో గోళ్లలో మట్టి తీసుకుంటూ అంతా వింది.

"పాపా, ఒక మాటడగతాను. కోపం తెచ్చుకోకు."

"అడుగప్పా."

"ఆ షీటు మీద ఐదుపాల్లు కడిగినట్టు సంతకం ఎట్టింది నువ్వు గదా?"

"అవును."

"మరి నన్ను తీసీసినారేటి?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. నెల రోజులుగా ఆమె ఆలోచిస్తున్నది ఇదేనని ముఖం చూస్తేనే తెలుస్తోంది. రైల్లో పేర్చుకున్న తిట్లన్నీ ఎక్కడికక్కడ ఆగిపోయాయి.

"నాకు డిగ్రీ ఉంది గనక" అన్నాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో అనలేదు. కానీ అదే నిజం.

"అదా!" అంది కూర్మమ్మ. "రోజుకూలీకి నాను రాను పాపా. ఆ బాబు పంపిన కాయితంలో నా పేరు దొంగ పేరులాగున్నాది. ముందల అది మారాల. నీకు డిగ్రీ ఉన్నాది గదా, ఆ సేత్తోటే ఇప్పుడొక కాయితం రాయి."

"రాస్తే నా ఉద్యోగం పోతుంది అప్పా."

"నాది పోనేదేటి?"

అక్కడే, గట్టు మీద కూర్చుని, ఫోన్లో రాశాను. పూణే కంపెనీకి, మా ఓనరుకు, మోహనకృష్ణకు, ముగ్గురికీ ఒకేసారి. రాసిన ప్రతి వాక్యం తెలుగులో చదివి వినిపించమంది. 'కూర్మమ్మ తప్పు ఏమీ లేదు, ఆమె చాలా నిజాయితీపరురాలు' అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టింది.

"అలగ రాయకు. నన్ను పొగడొద్దు, ఆ బాబుని తిట్టొద్దు. ఆ పొద్దు ఏటి జరిగినాదో అదే రాయి. తప్పు ఎవలిదో సదివినోలకి తెలుస్తాది."

అలాగే రాశాను. ఫలానా రోజున మొదటి కడుగు తర్వాత మేనేజరు ఆపమన్నారు. చాలదని కూర్మమ్మ చెప్పింది. నిలవ మందు మిగిలి కొక్కేలను పట్టేసుకుంది. పోగు అతుక్కోలేదని నేను జెల్‌లో చూశాను. చూసి కూడా ఐదుసార్లు కడిగినట్టు సంతకం పెట్టాను. జెల్ ఫొటో, షీటు ఫొటో జతచేస్తున్నాను. ఇంతకు ముందు మీకు పంపిన బ్యాచీలన్నీ కడిగింది కూర్మమ్మ, వాటి మీద సంతకాలు నావీ నా ముందువాళ్లవీ. చివర నా పేరు. 'పంపు' అన్న చోట వేలు పెట్టబోయి, రాసిందంతా మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. కూర్మమ్మ అది చూసి, "బేగి నొక్కీ పాపా, నాకు నాట్లున్నాయి" అంది.

మరునాడు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. కంపెనీ రహస్యాలు బయటపెట్టానట! రహస్యమంటే అజైడా? అది కెమిస్ట్రీ చదివినవాళ్లందరికీ తెలుసు. ఎవరు కడిగారన్నదే ఆ గోడౌనులో దాచిన రహస్యం. నాన్న రెండురోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు, "ఆ కూర్మమ్మ సంగతి ఏమైంది?" అని తనే అడిగాడు. ఇప్పుడు రాజాంలో ఒక కాలేజీ ల్యాబులో పిల్లలకు పిపెట్ పట్టుకోవడం నేర్పుతున్నాను.

పూణే వాళ్లు ఊరుకోలేదు. ఆ నివేదికను వెనక్కి తీసుకుని సరిచేసి పంపాలి, మళ్లీ చేసే బ్యాచిని ఇంతకు ముందు చేసిన మనిషే చెయ్యాలి, ఆమె పేరు షీటు మీద ఉండాలి, లేకపోతే మీ సరుకు మాకొద్దు అన్నారు. మోహనకృష్ణ గారిని కంపెనీ వాళ్లేమీ అనలేదు, అనరు కూడా. కానీ నివేదిక మార్చి రాసింది ఆయనే, కోటబొమ్మాళికి ఫోన్ చేసి రమ్మని అడిగిందీ ఆయనే. మార్చిన కాగితం గంగులు చేతికి ఇచ్చి, అతను దాన్ని ఫ్యాక్టరీలో నలుగురికీ చూపించాకే కూర్మమ్మ బయల్దేరింది.

ఆ రోజు సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"పాపా, నా పేరు రాసినారు. సేసినోలు అన్న గడిలో."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోన్లే అప్పా."

"పోన్లే కాదు, ఇను. కూర్మమ్మ అని రాసి పక్కన ఎర్ర సిరాతో హెల్పరు, సంతకం సెల్లదు అని రాసినాడు ఆ బాబు."

నాకు ఒళ్లు భగ్గుమంది. "వాడి చెయ్యి విరిగిపోనూ! నువ్వేం చేశావు?"

"ఏటి సేస్తాను, మిషను కాడ కూకున్నాను. ఆ ముక్క కొట్టీదాకా తిప్పనన్నాను. ఆ బాబేమో ముందే కొక్కేల మందు కరిగించి ఎట్టుకున్నాడు."

నాకు ఆ దృశ్యం కళ్లకు కట్టింది. కడిగిన యాంటీబాడీ చేతికి రాకముందే ఆ మందును కరిగించి పెట్టుకునేంత హడావిడి మనిషి ఆయన. కరిగించాక దానికి ఆయుష్షు తక్కువ, గడియ గడియకూ చచ్చిపోతూ ఉంటుంది. అది పోతే మళ్లీ తెప్పించాలి, పూణే గడువు దాటిపోతుంది.

"ఏమన్నాడు మరి?"

"ఏటంటాడు? మందు పాడైపోతన్నాది, పాడైపోతన్నాది అని గోల. పాడైతే ఏటయినాది బాబూ, ఈపాలి కాయితం మీద నా పేరున్నాది గదా, తప్పు నాదేనని రాసుకోండి, సంతకం ఎడతాను, అది సెల్లదని మీరే రాసినారు గదా అన్నాను. గబుక్కున ఆ ఎర్ర ముక్క కొట్టీసినాడు."